నీళ్లు కక్కించే చిట్టియ్య

తెల్లారకముందే మా ఇంట్లో రెండు గ్లాసుల టీ దిగేది. ఒకటి మా ఆయన పల్లంరాజుకి, ఒకటి చిట్టియ్యకి. మా ఆయన వల సర్దుకునేలోపు చిట్టియ్య అరుగు మీదకి వచ్చి కూర్చునేవాడు. గ్లాసులోకి తొంగి చూసి, “ఏంటొదినా, ఊళ్లో పంచదార కొట్లన్నీ మూసేశారా?” అనేవాడు. “తాగితే తాగు, లేకపోతే మీ మరిడమ్మ దగ్గర తాగు” అనేదాన్ని. “అమ్మో, అక్కడ పాలు కూడా ఉండవు” అని ఊదుకుంటూ తాగేసేవాడు. ఇద్దరిదీ ఒకే పడవ. గోదారిలోకి దిగేదాకా వాళ్ల నవ్వులు వినపడుతూ ఉండేవి.

ఇప్పుడు పొయ్యి మీద నాకొక్కదానికి ఒక్క గ్లాసుకే నీళ్లు పోస్తున్నాను. చిట్టియ్య మా సందులోకి వస్తాడు. అరుగు దాకా వస్తాడు. ఎక్కడు.

మా రేవులో ఇప్పుడు అతని గురించి రకరకాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్లు చెప్పే మనిషి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన చిట్టియ్య గురించి రాస్తున్నాను.

మాది నరసాపురానికి దిగువన, గోదారి ఒడ్డు. చిట్టియ్య చిన్నప్పుడు ఒకసారి రేవులో మునిగిపోతే వాళ్ల తాత పైకి తీసి, బోర్లా తన భుజం మీద వేసుకుని గిరగిరా తిప్పాడట. నోట్లోంచి నీళ్లన్నీ పోయి ఏడ్చాడట. ఆ తాత దగ్గరే పని నేర్చుకున్నాడు. పనంటే జీతం వచ్చే పని కాదు. ఎవరైనా నీళ్లలో పడ్డారని కేక వినపడితే అన్నం ముందునుంచి లేచిపోవడం, దూకడం, తీయడం, నీళ్లు కక్కించడం. తాత భుజాన వేసుకునేవాడు, ఇతను ప్లాస్టిక్ డ్రమ్ము పట్టుకొచ్చాడు. డీజిల్ పోసుకునే నీలం డ్రమ్ము. దాని మీద మనిషిని బోర్లా వేసి ముందుకీ వెనక్కీ దొర్లిస్తాడు, నడుము మీద రెండు చేతులూ ఆనించి నొక్కుతాడు. అలా కళ్లు తెరిచినవాళ్లని నేనే చూశాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గోదారి దాటించే పంటు మీదనుంచి జారిపడిన సైకిలాయన్ని అలాగే లేపాడు.

బతికినవాళ్ల ఇంటివాళ్లు ప్రతి ఏడూ వచ్చి అతనికి కొత్త తుండు పెట్టి వెళ్లేవారు. అది మా రేవు ఆనవాయితీ. “మా ఆయన సంపాదనంతా తుండ్లే అక్కా, ఇంక తువ్వాళ్ల కొట్టు పెట్టుకోవడమే” అని మరిడమ్మ ఎత్తిపొడిచేది. అంటూనే మడతపెట్టి పెట్టెలో దాచుకునేది. చిట్టియ్య మాత్రం వాటిలో ఒక్కటీ వాడేవాడు కాదు. ఒళ్లు తుడుచుకోవడానికి పాత చీరముక్కే.

కిందటేడు గోదారికి వరద ఎర్రనీరు దిగింది. పులస చేపల కోసం అందరూ పైకి వెళ్తున్నారు. మా వాళ్లిద్దరూ కూడా వెళ్లి తిరిగొస్తుంటే, రేవు దగ్గరకి వచ్చాక పడవ నీళ్లలో కనపడకుండా ఉన్న పాత గుంజకి కొట్టుకుంది. మా ఆయన ముందు నిలబడి తాడు అందిస్తున్నాడు. పడవ అంచు ఎడం పక్కటెముకల కింద తగిలి, నీళ్లలోకి పడ్డాడు. సుడిలోకి లాగేసింది. చిట్టియ్య వెనకే దూకాడు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఇసకలో డ్రమ్ము మీద ఉన్నాడు. చిట్టియ్య దొర్లిస్తున్నాడు, నొక్కుతున్నాడు. “రా అన్నయ్యా, రా, రా” అంటున్నాడు. నీళ్లు వచ్చాయి. మా ఆయన దగ్గాడు. కళ్లు తెరిచాడు. రేవంతా చప్పట్లు. చిట్టియ్య నన్ను చూసి, “ఇదిగో వదినా, నీ మొగుణ్ణి నీకు అప్పచెప్పేను. రేపు టీలో పంచదార పొయ్యి” అన్నాడు.

మా ఆయన, “ఎడం పక్క సలుపుతోందిరా” అన్నాడు. నీళ్లు తాగితే అలాగే ఉంటుందిలే అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాం. కాసేపటికి మొహం తెల్లగా పాలిపోయింది, చెమటలు. దాహం దాహం అన్నాడు. అప్పుడు 108కి ఫోన్ చేశాం. దగ్గర ఆసుపత్రిలో చూసి పెద్దాసుపత్రికి పంపేశారు. అక్కడ స్కాన్ తీసి, ఎడం పక్కటెముకల కింద ఉండే ప్లీహం చిట్లిపోయింది, పొట్టనిండా రక్తమే, వెంటనే కొయ్యాలి అన్నారు. కోశారు. బయటికి తీసుకొచ్చింది మనిషిని కాదు.

చిట్టియ్య ఆ రోజు ఆసుపత్రి గచ్చు మీద కూర్చుని, “నీళ్లు కక్కించేను గదండి, దగ్గేడు గదండి” అని వచ్చేపోయే నర్సులందరితో చెప్పాడు. మునిగినవాడు బతికాడు, దెబ్బ వల్ల పోయాడు అని అందరం అనుకున్నాం. అతనూ అనుకున్నాడు. అలాగే ఉండిపోతే ఎంత బాగుండేది.

వేసవిలో కృపారాణి అనే నర్సు మా ఇంటికి వచ్చింది. పెద్దాసుపత్రిలో దెబ్బలు తగిలి వచ్చినవాళ్ల మీద పరిశోధన చేస్తున్నారట. ప్రమాదం ఎలా జరిగింది, ఆసుపత్రికి చేరేలోపు ఎవరేం చేశారు, ఎందుకు ఆలస్యమైంది, ఆపరేషన్ ఎప్పుడు మొదలైంది, అన్నీ రాసుకుంటారట. బతికినవాళ్ల ఇళ్లకీ వెళ్తారు, పోయినవాళ్ల ఇళ్లకీ వెళ్తారు. “మీకు ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదమ్మా” అంది. మంచి పిల్ల. కుర్చీ వేస్తే వద్దని నా పక్కన చాప మీదే కూర్చుంది. నేను చిట్టియ్యని పిలిపించాను. దగ్గరున్నది అతనే కదా.

వచ్చాడు. అప్పటికింకా అరుగెక్కేవాడు.

“నీళ్లలోంచి తీశాక ఏం చేశారు బాబాయ్‌గారూ?”

“ఆయ్, చెప్తానండి” అని లేచి నిలబడ్డాడు. ఆ పిల్లకి బాగా అర్థం కావాలని నా బియ్యం డబ్బా అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద దిండు వేసి చూపించాడు. “ఇలా బోర్లా వేసేనండి. ఇలా దొర్లించేనండి. మావాడు గదా అని కాస్త గట్టిగానే నొక్కేను. తాగిన నీళ్లన్నీ కక్కేసేడు. ఈ చుట్టుపక్కల రేవుల్లో నాలాగా ఎవడూ చెయ్యలేడండి. కావాలంటే అడగండి.”

కృపారాణి రాయడం ఆపేసింది. “ఎక్కడ నొక్కారు?”

“ఇదిగో, పక్కటెముకల కింద.”

ఆ పిల్ల నా వైపు చూసింది. అబద్ధం చెప్పడం చేతకాని మొహం. “బాబాయ్‌గారూ, పొట్టకి దెబ్బ తగిలినవాళ్లని అలా నొక్కకూడదండి. కదపకుండా పడుకోబెట్టి తీసుకురావాలి.”

“నొక్కితే ఏమవుద్ది?”

“లోపల చిట్లింది ఇంకా చిట్లచ్చు. రక్తం ఎక్కువ పోవచ్చు. పోతుందని కాదండి, పోవచ్చు.”

“మరి మునిగినోడికి నీళ్లు కక్కించద్దా?”

“మునిగినవాళ్లకి కూడా పొట్ట నొక్కకూడదండి. నోట్లో ఊపిరి ఊదాలి, గుండె మీద నొక్కాలి.”

“మరి ఇన్నాళ్లూ నేను బతికించినోళ్లు?”

“మీరు తొందరగా పైకి తీశారు కదండి, అందుకు బతికారు.”

ఆ పిల్ల ఓదార్పుగానే అంది. చిట్టియ్య డబ్బా నిలబెట్టి, దిండు దులిపి నా చేతికిచ్చాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చి సందులోనే నిలబడ్డాడు. “వదినా, నేనేనా?” అన్నాడు.

“కాదు” అన్నాను. నిజంగా కాదనే అన్నాను. కానీ ఆ మాట పలికేముందు నా గొంతు ఒక్క క్షణం ఆగింది. అతను ఆ ఆగడమే విన్నాడు.

రోజూ అదే. నేనేనా వదినా? కాదు చిట్టియ్యా. ఇంక భరించలేక, ఆపరేషన్ చేసిన డాక్టరుగారినే అడుగుదాం పద అన్నాను. పరిశోధన చేయిస్తున్నదీ ఆయనే. బస్సులో వెళ్తున్నంతసేపూ చిట్టియ్య పెళ్లిచూపులకి వెళ్లేవాడిలా ఉతికిన చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. ఆ డాక్టరుగారు ఒక్క ముక్క చెబుతారని, ఆ ముక్కతో తన సంగతి తేలిపోతుందని అతని ఆశ. తప్పంటే తప్పు, కాదంటే కాదు.

డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టారు. విసుక్కోలేదు.

“కోసి చూసింది మీరే గదండి?” అన్నాడు చిట్టియ్య. “లోపల నా చేతిగుర్తు ఏవైనా కనపడిందాండి?”

“అలా తెలియదు బాబాయ్. పడవ అంచుకే పూర్తిగా చిట్లిందో, ముందు కాస్త చిట్లి తరవాత పెరిగిందో, కోసి చూసినా తెలియదు.”

“మరి పరిశోధన చేస్తన్నారు గదండి. అందులో తెలుద్ది గదా?”

“అందులో వందలమంది ఉంటారు. ఇలా నొక్కినవాళ్లని, నొక్కనివాళ్లని, ఆలస్యంగా వచ్చినవాళ్లని పోల్చి చూస్తాం. ఇకముందు ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఫలానా ఒక్క మనిషి ఎందువల్ల పోయాడన్నది అందులోంచి రాదు.”

“ఆ వందలమంది నాకెందుకండి” అన్నాడు చిట్టియ్య. “నాకు ఒక్కడే గదా.”

డాక్టరుగారు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆయన మాత్రం ఏం చెబుతారు? తెలియనిది తెలుసని చెప్పలేదు, అంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా చిట్టియ్య కూర్చోలేదు.

వర్షాలకి ముందు కృపారాణి మళ్లీ వచ్చింది, ఒక రబ్బరు బొమ్మ పట్టుకుని. రేవులో అందరినీ పోగుచేసి, మునిగినవాళ్లకి ఏం చెయ్యాలో ఆ బొమ్మ మీద చేయించింది. కుర్రాళ్లు పోటీలుపడి చేశారు, నవ్వుకున్నారు. “బాబాయ్‌గారూ, మీరు రండి. మీరు నేర్చుకుంటే ఊరంతా నేర్చుకున్నట్టే” అని చిట్టియ్యని పిలిచింది. వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతులు బొమ్మ గుండె దాకా వెళ్లాయి. ఆనలేదు.

“బాబాయ్‌కి ఆడబొమ్మంటే సిగ్గేస్తందిరోయ్” అన్నాడొకడు. అందరూ నవ్వారు. మరిడమ్మ ఒక్కతే నవ్వలేదు. చిట్టియ్య లేచి ఇసక దులుపుకుని వెళ్లిపోయాడు.

కార్తీకంలో ఒక సోమవారం పొద్దున్న పైవూరినుంచి ఆడవాళ్లు దీపాలు వదలడానికి మా రేవుకి వచ్చారు. పాపాయమ్మ అని ఒకావిడ పాచి పట్టిన మెట్టు మీద జారి లోతులోకి వెళ్లిపోయింది. కేకలు విని నేనూ వెళ్లాను. చిట్టియ్య అప్పటికే దూకేశాడు. అంత తొందరగా అతను ఎవరినీ తీయలేదు. తీసి, ఇసకలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని.

“నొక్కరా చిట్టియ్యా!” అని అరిచారు. ఎవరో డ్రమ్ము దొర్లించుకొచ్చారు.

“డ్రమ్ము వద్దు, వద్దు!” అని దానికి అడ్డం పడ్డాడు.

“మరి నువ్వేం చేస్తావు?”

ఏమీ చెయ్యలేదు. బొమ్మ మీద నేర్చుకున్న కుర్రాళ్లలో ఒకడు వంగి, నోట్లో ఊదడానికి వెనకాడి, మళ్లీ లేచాడు. డ్రమ్మంటే డ్రమ్మని, కాదంటే కాదని తోసుకున్నారు. ఆటో వచ్చింది. ఆవిడ దారిలోనే పోయింది.

పాపాయమ్మ అన్నగారు మా రేవులో నిలబడి, “ఇంతమందిని బతికించినోడివి, మా చెల్లి నీకేం ద్రోహం చేసిందిరా?” అని అడిగాడు. మా వాళ్లెవరూ చిట్టియ్య తరఫున మాట్లాడలేదు. నొక్కి ఒకణ్ణి చంపాడు, నొక్కకుండా ఇంకొకర్ని చంపాడు అని ఇప్పుడు టీ బడ్డీ దగ్గర నవ్వుకుంటూనే అంటున్నారు. తుండ్లు ఎవరూ తేలేదు ఈ ఏడు.

ఆ తరవాత చిట్టియ్య నన్ను అడగడం మానేశాడు. తేలిపోయిందనుకున్నాడు కాబోలు. వేటకి మాత్రం వెళ్తున్నాడు, ఇంకొకరి పడవలో. వచ్చాక తన వాటాలో సగం తెచ్చి మా అరుగు చివర పెట్టి వెళ్లిపోతున్నాడు. మాలో మనిషి పోతే పెద్దకర్మ దాకా పడవవాళ్లు ఆ ఇంటికి వాటా పంపుతారు. మా ఆయన పెద్దకర్మ అయి ఏడాది దాటింది.

“ఎందుకు తెస్తున్నాడే?” అని మరిడమ్మని అడిగాను.

“నువ్వు వండుకో అక్కా” అంది. “మీ పొయ్యి మీద చేపల వాసన వస్తేనే ఆయన ఆ పూట అన్నం తింటన్నాడు. లేకపోతే కంచం ముందు కూర్చుని లేచిపోతన్నాడు.”

అందుకని వండాను. రోజూ తోమాను, కోశాను, పులుసు పెట్టాను. తినబుద్ధి కాకపోయినా తిన్నాను. సందు చివర నిలబడి వాసన చూసుకుని వెళ్లేవాడు. తిన్న ప్రతి ముద్దకీ, అవును, నువ్వే చంపావు, తప్పు కట్టు అని నేను చెబుతున్నట్టు ఉండేది. అది నేను ఏనాడూ అనలేదు. నిజమో కాదో ఎవరికీ తెలియదని అంత చదివిన ఆయనే చెప్పారు.

ఇవాళ పొద్దున్న ఒక పండుగప్ప పెట్టి వెళ్లాడు. మంచి చేప. మొప్పలింకా ఎర్రగా ఉన్నాయి. పళ్లెంలో వేసుకుని, కత్తిపీట వాల్చి, తోమడానికి బూడిద దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి వెయ్యలేదు. చిట్టియ్య సందు చివర నిలబడే ఉన్నాడు. వండకపోతే అతను తినడు, నాకు తెలుసు. వండితే మళ్లీ నువ్వే అని చెప్పినట్టవుతుందనీ తెలుసు. ఎండ అరుగు మీదకి వచ్చింది. ఈగలు ముసిరాయి. కత్తిపీట మడిచి గోడకి చేరేసి, చేపని అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయాను.