సుకన్య ఇవ్వని ఇంజక్షన్

2023 ఎండాకాలం. హిందూపురం ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను ప్రసూతి వార్డు హెడ్ నర్సును. మా స్టాఫ్ నర్సు సుకన్యది మంచి హస్తవాసి అని పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు ఆమెనే పిలిచేవారు.

ఒక మధ్యాహ్నం గొర్రెలు కాసే వాళ్ళింటి కోడలు గంగమ్మను తీసుకొచ్చారు. ఎక్లాంప్సియా, అంటే నిండు గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం. డాక్టరు చెప్పగానే సుకన్య మెగ్నీషియం ఇంజక్షన్ ఇచ్చి, మానిటర్ ఉన్న ఒకే ఒక్క మంచం మీద పడుకోబెట్టి పక్కనే నిలబడింది. అంతలో ఒక నాయకుడి మనిషి వచ్చాడు. అతని మరదలికి ఇంకా నొప్పులే రాలేదు. అయినా ఆ మంచమే కావాలన్నాడు.

"ఈమెను దించితే సచ్చిపోతాదప్పా," అంది సుకన్య.

"నేనెవురో తెల్సా నీకు?"

"తెల్సు. అయినా దించను."

సాయంత్రానికి ప్రసవమైంది. తల్లీబిడ్డా బతికారు.

వారం తిరక్కుండానే సుకన్యను డిప్యుటేషన్ మీద దూరపు పల్లెలోని ఆరోగ్య కేంద్రానికి పంపేశారు. డిప్యుటేషన్ అంటే ఉద్యోగం ఒకచోట, పని ఇంకోచోట. ఆమె ఇల్లు ధర్మవరంలో. రోజూ రెండు బస్సులు మారేది.

మరుసటి ఏడాది ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. డిప్యుటేషన్ రద్దు చేయించమని అడగడానికి, గెలిచిన పక్షంలో ఒకాయన దగ్గరికి ఇద్దరం పెనుకొండ వెళ్ళాం. జరిగిందంతా చెప్పాను. ఆయన పక్కనున్నతని వైపు తిరిగి, "ఈయమ్మ మన మనిషా, వాళ్ళ మనిషా?" అని అడిగాడు.

సుకన్య లేచి నిలబడింది. "పోదాం పా అక్కా," అంది.

కొన్ని నెలలకు ఆమె కేంద్రం నుంచి ఒక గర్భిణి మా దగ్గరికొచ్చింది. బీపీ బాగా పెరిగి, అదే జబ్బు మొదలవుతోందని పంపారు. పంపే ముందే మెగ్నీషియం మొదటి డోసు అక్కడ ఇవ్వాలి. ఇవ్వలేదు. దారిలో అంబులెన్సులోనే ఫిట్స్ వచ్చాయి. తల్లి దక్కింది. బిడ్డ కడుపులోనే పోయింది.

సుకన్యకు ఫోన్ చేశాను. "ఆడ ఇంజక్షన్ లేదా?"

"ఉండాదక్కా."

"మరి?"

"ఇచ్చినాక ఏమన్నా అయితే నన్నెవురు కాస్తారక్కా? పైకి పంపిస్తే నా మీదికి రాదు. ఇప్పుడు అందరినీ పంపించేస్తాండా."

తిడదామనే ఫోన్ చేశాను. తిట్టకుండానే పెట్టేశాను.

విచారణలో తప్పు సుకన్యదేనని తేల్చారు. తప్పు ఆమెదే. ఆమెను అక్కడిదాకా తెచ్చిందెవరని మాత్రం ఎవరూ అడగలేదు.

మంచి నర్సును చెడగొట్టడానికి పెద్దగా ఏమీ చేయనక్కర్లేదని ఆ కేసుతో తెలుసుకున్నాను. కొత్తగా చేరే అమ్మాయిలకు ఇంజక్షన్ ఎలా ఇవ్వాలో ఇప్పటికీ నేర్పిస్తున్నాను. ఎవరొచ్చినా పేషెంటు వైపే నిలబడమని చెప్పడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.