మగపెళ్లివారు ముందు గాలం వెయ్యాలి

మా అబ్బాయి పొద్దున్నే నా గదిలోకి టీ లేకుండా వచ్చాడంటే ఎవరో పోయారని అర్థం. ఈమధ్య ఒక ఆదివారం అలాగే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. రాజమండ్రిలో మా వియ్యంకుడు నిద్రలోనే పోయాడట. కోడలు అప్పటికే పక్క గదిలో విమానం టికెట్ల కోసం ఫోన్లో మాట్లాడుతోంది. నేను కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుని, "నాకంటే చిన్నవాడు కదరా" అన్నాను. అది దుఃఖమో ఫిర్యాదో నాకే తెలియలేదు. బతికినన్నాళ్లూ నన్ను అన్నిట్లోనూ ముందు నిలబెట్టి వెనక నుంచి నవ్విన మనిషి, ఇందులో మాత్రం తనే ముందు వెళ్లాడు.

మర్నాడు చుట్టాలంతా కంప్యూటర్ తెర మీద చేరి సంతాప సభ పెట్టారు. ఒకాయన దేవుడన్నాడు. ఇంకొకాయన కర్మయోగి అన్నాడు. సిడ్నీ మేనల్లుడొకడు, వెనక గోడ మీద తన కొత్త టీవీ బాగా కనపడేలా కూర్చుని, అజాతశత్రువు అన్నాడు. నేను నోరు మూసుకుని విన్నాను. నలభై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి, పోయినవాళ్ల గురించి ఎంత అబద్ధం రాస్తారో నాకు తెలుసు. మా వియ్యంకుడు అజాతశత్రువు కాడు. నేనున్నాను కదా. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన బస్సు డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. గొంతు తగ్గించి మాట్లాడ్డం ఆయనకు చేతకాదు. టైముటేబుల్ తప్ప ఏదీ చదివినట్టు నేను చూడలేదు. పెళ్లినాడు విడిదింటికి కాఫీ గంట ఆలస్యంగా పంపించి, అడగడానికి వెళ్లిన నాతో, "చదువుకున్నవారు కదండీ బావగారూ, పుస్తకం పట్టుకుంటే మీకు ఆకలి తెలవదనుకున్నానండీ" అన్నాడు. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ కాఫీ నేనింకా మరిచిపోలేదు.

మా అబ్బాయి వై టూ కే రోజుల్లో సిడ్నీ వచ్చాడు. కంప్యూటర్లకు రెండువేల సంవత్సరమని చెప్పడానికి మనవాళ్లను విమానాల నిండా దింపుకున్న కాలం అది. ఆ ఉద్యోగం చూసే ఆయన పిల్లనిచ్చాడు. నేను భార్య పోయాక మూటాముల్లె సర్దుకుని సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో వాళ్ల అద్దె ఇంటికి చేరాను. తర్వాత గాలి తిరిగింది. కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మా వాడి కాంట్రాక్టు ఒక శుక్రవారం పోయింది. ఆ వచ్చే బుధవారమే మా వియ్యంకుడు కూతురి కాపురం చూసుకోడానికి మూడు నెలల వీసా మీద దిగుతున్నాడు. వియ్యపురాలు స్కూలు ఉద్యోగం వదిలి రాలేనంది. అది ఒక్కటే మాకు కలిసొచ్చింది. ఆవిడ కళ్లు కప్పడం మా తరం కాదు.

ఇంట్లో ముగ్గురం కూర్చుని ఆలోచించాం. మామగారి ముందు పని లేకుండా సోఫాలో కూర్చోలేనన్నాడు అబ్బాయి. తెలిస్తే నాన్న రాజమండ్రి అంతా మైకు పెట్టి చెబుతాడంది కోడలు. నాకైతే పెళ్లినాటి కాఫీయే గుర్తొస్తోంది. మగపెళ్లివారి తల ఆయన ముందు వంగడమంటే నేను ఆ క్షణమే విమానం ఎక్కి వెళ్లిపోవాలి. చివరికి ఒక నాటకం కట్టాం. కోడలికి బ్యాంకులో ఉద్యోగం ఉంది, ఆమె ఎలాగూ వెళ్తుంది. అబ్బాయి కూడా పొద్దున్నే టై కట్టుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని, ట్రైన్‌కని చెప్పి బయల్దేరాలి. స్టేషన్ పక్క పార్కులో కూర్చోవాలి. నేను ఆయన్ని ఇల్లు కదిలించగానే వెనక్కొచ్చి, ఉద్యోగాలకు ఫోన్లు చేసుకోవాలి. ఆయన్ని కదిలించడం నా వంతు.

మొదటి వారం నా వల్ల కాలేదు. ఆయన పొద్దున్నే ఒక్కడే వాకింగ్ వెళ్లొచ్చి, రోజంతా హాల్లో కూర్చుని నా ఎదుట పల్లీలు తినేవాడు. రెండో వారం తెగించి, కొండలవైపు వెళ్లొద్దామా అన్నాను.

"కొండలు మా జిల్లాలోనూ ఉన్నాయండీ బావగారూ. చేపలున్నాయా?"

అలా మొదలైంది. నేను జీవితంలో చేపను కంచంలో తప్ప చూడలేదు. ఆయన గోదావరి గట్టున పుట్టినవాడు, గాలం పట్టుకునే పుట్టినట్టు మాట్లాడతాడు. కొండలు దాటి బాథర్స్ట్ దగ్గర ఒక రిజర్వాయరు ఉందని గాలాలమ్మే షాపువాడు చెప్పాడు. ఇక్కడ సెప్టెంబరులో మొదలయ్యే వసంతంలో పెర్చ్ అనే చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయట, చేతకానివాళ్లకు కూడా పడతాయట. ఆ చివరి మాట వాడు నావైపు చూసి అన్నాడు. లైసెన్సులు కొన్నాం, రెండు మడత కుర్చీలు కొన్నాం. అబ్బాయి కారును ఆయనే నడిపేవాడు, పెట్రోలు ఆయనే పోయించేవాడు. నేను జేబులో చెయ్యి పెడితే, ఆడపెళ్లివారి మర్యాద ఆడపెళ్లివారిని చెయ్యనివ్వండి అనేవాడు. వారానికి మూడు రోజులు, పోనూ రానూ ఐదు గంటలు, ఆ గొంతు పక్కన కూర్చుని ప్రయాణం. కొడుకు కోసం తండ్రులు రాజ్యాలు వదులుకున్నారని చరిత్రలో చదివాను. బాథర్స్ట్ రోడ్డు మీద ఎవరూ వెళ్లలేదు.

నీళ్ల దగ్గరకు వెళ్లాక అసలు వేషం మొదలయ్యేది. నా గాలానికి వానపామును గుచ్చి, రెండు చేతులా నాకందించి, తను గాలం పట్టుకుని నిలబడేవాడు.

"కానివ్వండి బావగారూ. మగపెళ్లివారు ముందు గాలం వెయ్యాలి."

నేను విసిరితే అది నా టోపీకో, వెనకున్న కంచెకో, ఒకసారి ఆయన చొక్కాకో తగులుకునేది. ఓపిగ్గా విడదీసి మళ్లీ అందించేవాడు. నా గాలం నీళ్లలో పడేదాకా తనది పడనిచ్చేవాడు కాదు. అక్కడికి రోజూ వచ్చే ముసలి ఆస్ట్రేలియన్ ఒకాయన ఇదంతా చూసి చూసి, ఒకరోజు ఆయన్ని పక్కకు పిలిచి, నేను ఆయన పై అధికారినా అని అడిగాడట. కాదు, మా అమ్మాయి మామగారు అని చెప్పాడట. ఆ ముసలాయన తన టోపీ తీసి నాకు సానుభూతిగా వందనం చేశాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

చేపలు మాత్రం పడ్డాయి, ఆయనకు. ఆకుపచ్చటి ఒంటి మీద నల్ల చారలు, పొట్ట కింద ఎర్రటి నారింజ రంగు రెక్కలు. వీపు మీద ముళ్లుంటాయని నేను పుస్తకంలో చదవలేదు, వేళ్లతో తెలుసుకున్నాను. ఆ ముసలాయనే మాకు పద్ధతులు చెప్పాడు. పసుప్పచ్చ పెర్చ్ ఇక్కడి బిడ్డ, చిన్నదైతే కొలిచి వదిలెయ్యాలి. మాకు పడే ఈ ఎర్రరెక్కలది పరాయి దేశం నుంచి వచ్చి మిగతావాటిని తింటుంది, దాన్ని మాత్రం మళ్లీ నీళ్లలో వెయ్యొద్దు అన్నాడు. మా వియ్యంకుడు బాగా ఆలోచించి, బయటినుంచి వచ్చినదాన్ని బతకనివ్వొద్దంటున్నారు, మన పిల్లలు కొంచెం జాగ్రత్తగా ఉండాలండీ అన్నాడు. మొదట పడిన చేప ఎప్పుడూ నా బకెట్లోనే వేసేవాడు. అదీ మగపెళ్లివారి వాటాయేనట.

నేను ఒక చేత్తో గాలం, ఒక చేత్తో పుస్తకం పట్టుకునేవాణ్ణి. ఒకరోజు పుస్తకంలో మంచి యుద్ధం మధ్యలో ఉండగా గాలం చేతిలోంచి జారి నీళ్లలోకి పోయింది. ఆయన ప్యాంటు మడిచి నడుంలోతు చల్లటి నీళ్లలో దిగి, వణుకుతూ, గాలంతోపాటు మూరెడు చేపను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "మీ గాలం, మీ చేప. నేను కూలీని" అన్నాడు. రాత్రి అన్నాల దగ్గర అది నేనే పట్టానని కోడలికి అభినయించి మరీ చెప్పాడు. వసంతం కదా, అక్కడ మాగ్‌పై పక్షులు గూళ్లు పెట్టుకుని, దారిన పోయేవాళ్ల నెత్తిన పొడిచేవి. ఆయన బకెట్ బోర్లించుకునేవాడు. నేను పుస్తకం అడ్డం పెట్టుకుంటే, "ఇన్నాళ్లకి పనికొచ్చిందండీ చదువు" అన్నాడు.

ఆయన మీద నాకు పెద్ద ఫిర్యాదులు మూడున్నాయి. ఒకటి, అల్లుడి ఉద్యోగం గురించి ఆ మూడు నెలల్లో ఒక్క ప్రశ్న అడగలేదు. టై కట్టుకుని ఇంటికి తిరిగొచ్చిన కుర్రాణ్ణి ఆఫీసెలా ఉంది బాబూ అని అడగడానికి ఏమైంది? చింతపండు పులుసులో ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడిగేవాడు. రెండోది, హారన్. ఈ దేశంలో హారన్ కొట్టడం తిట్టడంతో సమానం. ఆయన మా వీధి మలుపు తిరగ్గానే రెండుసార్లు, డిపోలోకి బస్సు వస్తున్నట్టు, గట్టిగా కొట్టేవాడు. ఇళ్లలో కర్టెన్లు కదిలేవి. నేను సిగ్గుతో సీట్లో కిందికి జారేవాణ్ణి. ఎంత చెప్పినా అలవాటండీ అనేవాడు. మూడోది, నవంబరులో ఒక సాయంత్రం మేము ఇంకా చేపలు కడుగుతుండగానే, రేపట్నించి గాలాలకి సెలవండీ బావగారూ అన్నాడు. అలిసిపోయాడనుకున్నాను. ఆ రాత్రే అబ్బాయి నా గదిలోకొచ్చి ఉద్యోగం దొరికిందని చెవిలో చెప్పాడు.

ఆయన తిరిగి రాజమండ్రి వెళ్లిపోయాక ఈ కథను ఎన్నిచోట్ల చెప్పానో లెక్కలేదు. పుట్టినరోజుల్లో, గృహప్రవేశాల్లో, బార్బెక్యూల్లో. వియ్యంకుణ్ణి ఒక వసంతమంతా చెరువు గట్టున ఎలా కూర్చోబెట్టానో, అంత గొంతున్న మనిషి కళ్లకు ఎలా గంతలు కట్టానో. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. మా అబ్బాయి మాత్రం ప్రతిసారీ లేచి లోపలికి వెళ్లేవాడు. పాత రోజులు గుర్తొచ్చి బాధపడుతున్నాడనుకునేవాణ్ణి.

కోడలు రాజమండ్రి వెళ్లాక, నేనూ అబ్బాయీ ఇంట్లో మిగిలాం. పదకొండో రోజున వాడు, పద నాన్నా అని కారెక్కించాడు. ఇప్పుడు మేముండేది ద పాండ్స్ అనే కొత్త పేటలో, ఇల్లు పెద్దది, బాథర్స్ట్ దారి మాత్రం అదే. రిజర్వాయరు గట్టున ఆ రెండు మడత కుర్చీలే వేశాడు. గాలాలు తేలేదు. నీళ్లవైపు చూస్తూ అన్నాడు.

"నాన్నా, మామయ్యగారికి మొదటి వారం నుంచే తెలుసు."

వాకింగ్‌కు వెళ్లిన మనిషి పార్కులో వీణ్ణి చూశాడట. తొమ్మిది కూడా కాకుండానే లంచ్ బాక్స్ తెరిచి, టైతో, పావురాల మధ్య కూర్చుని ఉన్నాడట. వీడు లేవబోయాడట. ఆయన పక్కన కూర్చుని, బాక్స్‌లో ఉన్న ఇడ్లీ ఒకటి తీసుకుని తిన్నాడట.

"ఇక్కడ ఎండొస్తుంది, ఇంట్లో కూర్చుని చూసుకో బాబూ. మీ నాన్నగారిని నేను తీసుకెళ్తాను. మలుపులో హారన్ కొడతాను, విని టై కట్టుకో. నాకు తెలుసని మాత్రం ఆయనకి ఎప్పుడూ చెప్పకు. మగపెళ్లివారు. ఆయన తల వంగకూడదు."

మరి ఉద్యోగం దొరికిందని ముందు ఆయనకే చెప్పావా అని అడిగాను. ఆ రోజు పొద్దున్నే చెప్పానన్నాడు. దొంగ వెధవలు, ఇద్దరూ. ఇన్నేళ్లుగా నేను చెప్పిన కథలో కళ్లకు గంతలు నాకే ఉన్నాయి. బార్బెక్యూల్లో నవ్విన వాళ్లందరినీ ఇప్పుడు పిలిచి సరిదిద్దాలంటే సగం మంది లేరు. సరిదిద్దితే నవ్వాల్సిన మనిషి అసలే లేడు. పెళ్లినాటి కాఫీ బాకీ మాత్రం రద్దు చెయ్యలేదు, అది వేరే విషయం.

చీకటి పడకముందే తిరిగొచ్చాం. మా వీధి మలుపు తిరుగుతూ అబ్బాయి ఒక్క క్షణం నావైపు చూసి, హారన్ మీద చెయ్యి వేసి గట్టిగా రెండుసార్లు కొట్టాడు. ఇంట్లో ఎవరూ లేరు, లైట్లు కూడా వెయ్యలేదు. ఎదురింటి కర్టెన్ పక్కకు జరిగి, తిట్టుకుంటూ ఒక ముఖం బయటికి చూసింది. ఈసారి నేను సీట్లో కిందికి జారలేదు. అద్దం దించి, ఆ ముఖానికి చెయ్యి ఊపాను.