పాపను ఒక్కసారే అడిగాం

తిరువళ్లూరు కలెక్టరాఫీసులో నేను చేసే పని ఏమిటో మా ఊళ్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. మాది తిరుత్తణి పక్కన మగ్గాల ఊరు. నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. "మా బిడ్డ పిల్లల ఆఫీసులో ఉండాది" అని అమ్మ గొప్పగా చెప్పుకుంటే వినేవాళ్లు నన్ను బడి పంతులమ్మ అనుకునేవాళ్లు.

నా పని వేరు. జిల్లాలో ఏ బిడ్డయినా కారణం తెలియకుండా చనిపోతే, లేదా ఎలా తగిలాయో ఎవరూ చెప్పలేని దెబ్బలతో ఆసుపత్రికి వస్తే, ఆ సంగతి నా దగ్గరికి వస్తుంది. వైద్యం చేసే డాక్టరును, శవపరీక్ష చేసే డాక్టరును, పోలీసులను, పిల్లల సంక్షేమం చూసేవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడం నా బాధ్యత. నేను ఎవరినీ అరెస్టు చేయను, ఎవరికీ మందివ్వను. ఒకరికి తెలిసింది ఇంకొకరి చెవిన పడేలా చూస్తాను.

చెప్పడానికి తేలికే. మొదట్లో పిలిస్తే ఎవరూ వచ్చేవాళ్లు కారు. "రిపోర్టు పంపిస్తాం మేడమ్, చాలదా?" అనేవాళ్లు. రిపోర్టులు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నిదానంగా నడిచేవి. ఈలోగా బతికున్న బిడ్డను ఆసుపత్రిలో ఒకరు, స్టేషన్లో ఒకరు, పిల్లల సంక్షేమ కమిటీ ముందు ఇంకొకరు అదే ప్రశ్న అడిగేవాళ్లు. అడిగిన ప్రతిసారీ బిడ్డ ఎదుటివాళ్ల ముఖం చూసి జవాబు కొంచెం మార్చేది. చివరికి అసలేం జరిగిందో ఆ బిడ్డకే గుర్తుండేది కాదు. అందుకే నేను పట్టుబట్టి ఒక పద్ధతి తెచ్చాను. అందరూ ముందు ఒకచోట కూర్చోవాలి. ఎవరు ఏం చూశారో అది చెప్పాలి, ఏమనుకుంటున్నారో తర్వాత. బిడ్డను ఒక్కసారే, ఒక్కరే అడగాలి. ఆఫీసు ఆఫీసుకూ తిరిగి, వాళ్ల మెట్లు ఎక్కి దిగి, బతిమాలి, పోట్లాడి ఆ పద్ధతి నిలబెట్టాను. అది నిజంగా పని చేస్తుందని నాకు గట్టిగా తెలిసింది ఇద్దరు అక్కచెల్లెళ్ల కేసులో.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడులు తెరవబోతున్న రోజులు. తిరుత్తణి దగ్గరి ఒక ఊరినుంచి ఇద్దరు ఆడపిల్లలను అంబులెన్సులో తిరువళ్లూరు ఆసుపత్రికి తెచ్చారు. ఇద్దరికీ నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. పురుగుమందు ఒంట్లోకి పోయినప్పుడు కనిపించే గుర్తులు అవి. చిన్నది ఇంకా బడికే వెళ్లని పిల్ల, దారిలోనే పోయింది. పెద్దది రెండో తరగతి. దానికి ఊపిరి ఆడేందుకు గొట్టం పెట్టారు.

మావాళ్లలాగే వాళ్లూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. తండ్రి పవర్‌లూమ్‌లో కూలీ. పిల్లల తల్లి జబ్బుచేసి చనిపోయాక అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. రెండో భార్య ఇంకా పాతికేళ్లు కూడా లేని మనిషి. కంపెనీ బస్సెక్కి ఫ్యాక్టరీ పనికి పోయి వచ్చేది.

నేను ఆసుపత్రికి పోయేసరికి వార్డు ముందు ఒక ముసలమ్మ గుండెలు బాదుకుంటూ ఉంది. చనిపోయిన మొదటి భార్యకు తల్లి ఆమె, పిల్లలకు అమ్మమ్మ. తామరైపాక్కం వైపు చేలల్లో కూలిపని చేసుకుంటూ ఒంటరిగా బతికేది. మనవరాళ్లను చూడాలని వాళ్లింటికి వచ్చి ఉంది.

"నా బిడ్డ బిడ్డల్ని మింగేసిందమ్మా ఈ సవితి తల్లి! అన్నంలో కలిపి పెట్టినాది. నేను యాడ చెప్పుకోవాల?" అని అరుస్తోంది.

ఆమె తిడుతున్న రెండో భార్య, ఆ అమ్మాయి, గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. కంపెనీ యూనిఫారం చొక్కా కూడా మార్చుకోలేదు. భర్త ఆమెకు దూరంగా, ఎటూ చూడకుండా నిలబడి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అప్పటికే తీర్పు చెప్పేశారని వాళ్ల చూపుల్లోనే తెలుస్తోంది.

మర్నాడు ఉదయం ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. మా మాటలు తమిళంలోనే జరిగాయి.

"మేడమ్, పెద్దపాపకు రాత్రి కొంచెం నయమై మళ్లీ ఎక్కువైంది. రాత్రంతా మంచం పక్కన ఉన్నది ఆ రెండో భార్యే. మళ్లీ ఏదో ఇచ్చి ఉంటుంది. ముసలమ్మ ఫిర్యాదు కూడా ఉంది. అరెస్టు చేస్తున్నాం."

"మధ్యాహ్నం దాకా ఆగండి సార్. అందరినీ పిలుస్తున్నాను."

"ఎన్న మేడమ్ ఇదు!" ఇదేంటని ఆయన అసహనం. "ఈలోగా పాపకు ఏమైనా అయితే?"

ఆయన అడిగింది న్యాయమే. బిడ్డ ప్రాణంతో పందెం కట్టకూడదు. అందుకని ఒక మాట అనుకున్నాం. ఇంటివాళ్లు ఎవరూ వార్డులోకి పోకూడదు, ముసలమ్మతో సహా. మంచం పక్కన మహిళా కానిస్టేబుల్ ఉంటుంది. నర్సు చేతి మీదుగా తప్ప పాపకు ఏదీ అందదు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు. బయట విలేకరులు, లోపల పై అధికారుల ఫోన్లు. అంత ఒత్తిడిలో ఆయన ఆగడం చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం ఆసుపత్రి వెనక ఉన్న చిన్న గదిలో కూర్చున్నాం. పిల్లల డాక్టరు నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. శవపరీక్ష చేసిన డాక్టరు పెద్దవాడు, అడిగితే తప్ప మాట్లాడని మనిషి. ఆయన పనిచేసే మార్చురీకీ ఆమె వార్డుకూ మధ్య ఒక్క వరండానే ఉంది. అయినా ఆ రోజుదాకా వాళ్లిద్దరూ ఈ పిల్లల గురించి మాట్లాడుకోలేదు.

ముందు ఇన్‌స్పెక్టరునే చెప్పమన్నాను. ఆయన దాచకుండా నిజం చెప్పాడు.

"పొద్దున్నుంచి మా కానిస్టేబుల్ కళ్లార్పకుండా ఉంది. ఆ అమ్మాయి లోపలికి రాలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అయినా పాపకు ఇందాక మళ్లీ ఎక్కువైందట."

"అవును," అంది పిల్లల డాక్టరు. "అదే నాకు అంతుపట్టడం లేదు. కడుపు శుభ్రం చేశాం. నోటి ద్వారా ఏదీ పోవడం లేదు. మందు ఇస్తే తేరుకుంటోంది, కాసేపటికి మళ్లీ మొదటికి వస్తోంది. విషం ఇంకా ఎక్కడినుంచో ఒంట్లోకి ఎక్కుతూనే ఉంది."

నేను పెద్ద డాక్టరువైపు తిరిగాను.

"మీరు చిన్నపాపలో ఏం చూశారు సార్?"

"చిన్నపాప కడుపులో ఉన్నది మామూలు అన్నం. నాకు పురుగుమందు వాసన రాలేదు. పరీక్షకు పంపాను, రావడానికి టైం పడుతుంది. తల తెరిచినప్పుడు మాత్రం వాసన వచ్చింది. తలమీద చర్మం కమిలి ఉంది. గోకిన గీతలు కూడా ఉన్నాయి."

పిల్లల డాక్టరు కుర్చీలోంచి లేచింది. "పెద్దదానికి నూనె పెట్టి గట్టిగా జడలు వేసి ఉన్నాయి. ఒళ్లు తుడిచాం. తల జోలికి పోలేదు."

ఇంకేమీ చెప్పకుండా వార్డువైపు పరుగెత్తింది. ఆమె వెనక మేమందరం. నర్సులు గ్లౌజులు వేసుకుని జడలు విప్పారు. కొబ్బరినూనె వాసన కింద ఇంకో ఘాటు వాసన అప్పుడు అందరికీ తెలిసింది. జుట్టు పొట్టిగా కత్తిరించి, సబ్బుతో మళ్లీ మళ్లీ కడిగారు. ఇన్‌స్పెక్టరు తలుపు బయటే నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సాయంత్రానికి పాప చెమట తగ్గింది. ఆ తర్వాత జబ్బు మళ్లీ తిరగబెట్టలేదు.

విషం ఒంట్లోకి ఎలా ఎక్కిందో తెలిసింది. ఎవరు పెట్టారో తెలియాలి. గొట్టం తీసి, పాప మాట్లాడగలదని డాక్టరు చెప్పేదాకా ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. పిల్లలను అడగడంలో నాకు శిక్షణ ఉంది. పైగా పాప ఇంటి భాష నా భాషే. అందుకని నేనే అడగాలని అందరూ కలిసి నిర్ణయించారు. ఇన్‌స్పెక్టరు, డాక్టరు తెర వెనక కూర్చున్నారు. వాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ముందే నాకు చెప్పారు. తర్వాత ఇంకెవరూ అడగరని నాకు మాటిచ్చారు.

పాప దిండుకు ఆనుకుని కూర్చుంది. కత్తిరించిన తలను చేత్తో తడుముకుంటోంది.

"నీకు ఒళ్లు బాగలేకుండా వచ్చిన రోజు ఇంట్లో ఏమేం జరిగినాదో చెప్తావా? గుర్తున్నంత చాలు," అన్నాను.

"అవ్వొచ్చింది. జామకాయలు తెచ్చింది."

"ఊఁ."

"మాకు పేలు ఉండాయని తలకి మందు పెట్టింది. చెల్లి మండుతాందని ఏడ్సింది. ఓర్చుకో బంగారూ, ఇస్కూల్లో పేలుంటే మిస్సు కొడతాది అనింది అవ్వ."

"అప్పుడు ఇంట్లో ఇంకెవరుండ్రి?"

"ఎవురూ లేరు. అమ్మ కంపెనీకి పోయింది. నాయిన మగ్గం కాడికి పోయినాడు."

అమ్మ అని ఆ పిల్ల అన్నది రెండో భార్యనే. తెర వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. నేను ఇంకేమీ అడగలేదు. పాపే నన్ను అడిగింది.

"చెల్లి యాడ?"

ఆ జవాబు నేను చెప్పవలసింది కాదు. "మీ అమ్మ వస్తాది. ఆమె చెప్తాది," అన్నాను. తండ్రీ ఆమె ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పారు. ఎలా చెప్పారో నాకు తెలియదు. చాలాసేపటికి బయటికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు.

ముసలమ్మకు చెప్పే పని మిగిలింది. ఆమెను మామూలుగా స్టేషనుకు పిలిపించి అడగాలి. కానీ ఇన్‌స్పెక్టరు తానే నాతో ఆసుపత్రి ఆవరణలోకి వచ్చాడు. ముసలమ్మ పక్కన సిమెంటు బెంచీమీద కూర్చున్నాడు.

"అవ్వా, పిల్లల తలకు ఏం మందు పెట్టినావు?" అని అడిగాను.

"పేలకి తల్లీ. చేన్లో కొడతారే, ఆ మందు. అంగట్లో సీసాలో పోసిస్తారు. కొంచిమే నూనెలో కలిపినా. మా పక్క అందరూ పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నా, నాకేం కాలేదు గదా..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నా ముఖం చూసింది. ఇన్‌స్పెక్టరు ముఖం చూసింది.

"అయితే... నేనేనా?"

అబద్ధం చెప్పలేదు. "నువ్వు కావాలని చెయ్యలేదు అవ్వా. పెద్దవాళ్లు తట్టుకునే మందును పసిబిడ్డలు తట్టుకోలేకపోయినారు," అన్నాను. ఆమె ఏడవలేదు. బెంచీమీదనుంచి జారి నేలమీద కూలబడింది. ఎంత లేపినా లేవలేదు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. ఆసుపత్రి ముందు అందరిలో తనను నానా మాటలూ అన్న మనిషి పక్కన దుమ్ములో కూర్చుంది.

"లే అవ్వా," అంది. "పాప నిన్ను అడగతాంది. ఇడ్లీ పెడితే అవ్వ తినినాదా అంటాంది. లే."

కేసు నడిచింది, నడవక తప్పదు. ముసలమ్మకు చంపాలనే ఉద్దేశం లేదని పోలీసులు, డాక్టర్లు, మేము ఒకే మాట చెప్పాం. ఆమె జైలుకు పోలేదు. మందును పేరులేని సీసాల్లో పోసి అమ్మిన అంగడిమీద చర్య తీసుకున్నారు. తర్వాతి సమావేశానికి వ్యవసాయ శాఖ వాళ్లను, బడుల అధికారులను కూడా పిలిచాను. తామరైపాక్కం నుంచి పొన్నేరి దాకా వరిచేల ఊళ్లన్నీ తిరిగాం. బడి తెరిచే ముందు ఏటా తల్లులకు, అవ్వలకు చెబుతాం, చేలో కొట్టే మందు తలకు పెట్టకండని. నవ్వేవాళ్లు, "మాకు తెలీదా" అనేవాళ్లు ఉంటారు. ఎక్కడో ఒక మూల ఒక అవ్వ మాత్రం నవ్వదు. ఆమె కోసమే వెళ్తాం.

ఈ పనిలో ఇంత బాగా ముగిసేవి తక్కువ. కొన్ని కేసుల్లో నిజంగానే ఇంటివాళ్లే చేసి ఉంటారు. కొన్నిట్లో చివరిదాకా ఏదీ తేలదు. అయినా ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా వెన్ను నిటారుగా అవుతుంది. ఒక డాక్టరు చూసింది ఇంకో డాక్టరు విన్నందుకు ఒక పిల్ల బతికింది. ఒక పోలీసు అధికారి తన అనుమానానికి ఎదురు వచ్చిన సంగతిని దాచకుండా చెప్పినందుకు ఒక నిరపరాధి జైలుకు పోలేదు. ఆ గదిలోకి వాళ్లను తెచ్చింది నేను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

పోయిన ఆడికృత్తిక పండక్కి తిరుత్తణిలో కొండకు కావళ్లు మోసేవాళ్ల గుంపులో నడుస్తుంటే వెనకనుంచి ఎవరో "అక్కా!" అని పిలిచారు. తిరిగి చూస్తే ఆ అమ్మాయి. ఒక చేత్తో ముసలమ్మను పట్టుకుని నడిపిస్తోంది. అవ్వ ఇప్పుడు వాళ్లింట్లోనే ఉంటోందట. పాప ఎత్తు పెరిగింది, నన్ను గుర్తుపట్టలేదు. అదే మంచిదనిపించింది.

"ఇంతదూరం వచ్చి ఊరికే పోతావా? ఇల్లు దగ్గిరే, అన్నం తినిపో అక్కా," అంది ఆ అమ్మాయి.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. నేను వాళ్లతో వెళ్లాను. కడుపునిండా తిని, సాయంత్రం రైలుకు తిరువళ్లూరు వచ్చాను.