గట్టు మీది పిలుపును పాట చేసిన అనసూయక్క

నిన్న పొద్దున ప్రేయర్ బెల్ ఇంకా కొట్టలేదు. గ్రౌండ్‌లో పిల్లల్ని లైన్‌లో నిలబెడుతుంటే ఫోన్ వచ్చింది.

అనసూయక్క పోయింది.

నేను నమ్మలేదు. పొద్దున్నే ఇదేం మాట అని ఫోన్ చేసినవాళ్లనే కసిరాను. మొన్న సాయంత్రమే కదా నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది.

"రేపు జర గ్రౌండ్ ఖాళీగ ఉంచవే. నీ కబడ్డీ పోరగాళ్లను గోడ దిక్కు జరుపు. నా పిల్లలు పాడాలె."

నేను కోపం ఎమోజీ పెట్టాను. ఆమె నవ్వు ఎమోజీ పెట్టింది.

తెల్లవారుజామున గుండెనొప్పి అట. దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క మ్యూజిక్ టీచర్. సగం వారం చేవెళ్లలో ఒక బడి, సగం వారం మొయినాబాద్‌లో మా బడి. రెండు బడుల హైస్కూల్ పిల్లల్ని కలిపి పాట, ఆట, మాట మూడూ ఉండే నాటకాలు వేయించేది. "మ్యూజికల్" అని గొప్పగా చెప్పుకునేది.

నేను మొయినాబాద్ బడిలో పీఈటీని, ఆటల టీచర్‌ని. నాటకాల్లో ఆమెది హార్మోనియం, నాది డోలక్. గ్రౌండ్ కోసం మాత్రం రోజూ కొట్లాటే.

అక్క మొదటిరోజు సరిగమలు చెప్పేది కాదు. ఒక్కొక్కరినీ గ్రౌండ్ ఆ చివర నిలబెట్టేది.

"చేన్ల గట్టు మీద ఉన్ననని అనుకో. అవతలి గట్టు మీద మీ ఇంటోళ్లున్నరు. రోజు ఎట్ల పిలుస్తవో గట్లనే పిల్వు."

ఒకడు అమ్మను పిలిచేవాడు, ఒకమ్మాయి తమ్ముడిని. ఒకడైతే వాళ్ల బర్రెను పిలిచాడు. అందరం పడీ పడీ నవ్వాం. అక్క నవ్వలేదు. ఆ పిలుపు ఎక్కడ పలికిందో హార్మోనియం మీద వెతికి పట్టుకుంది. "ఇదే నీ శ్రుతి. ఎవ్వలేం చెప్పినా దీన్ని ఇడువకు" అంది.

మైకు మాత్రం చచ్చినా ఇచ్చేది కాదు. గొంతుకు బద్ధకం వస్తుందట.

శిరీష అలాగే దొరికింది. తొమ్మిదో తరగతి. అటెండెన్స్‌లో "ప్రెజెంట్" అన్నా పక్కవాళ్లకు వినపడదు. ఆ రోజు గ్రౌండ్ చివర నిలబడి "బాపూ..." అని పిలిచింది. నా కబడ్డీ పిల్లలు ఆట ఆపి చూశారు.

మా నాటకంలో, మార్కెట్‌కు పోయి ఇంకా ఇల్లు చేరని తండ్రిని కూతురు పిలుస్తుంది. అదే మెయిన్ సాంగ్. అక్క ఆ పాట శిరీషకు ఇచ్చింది.

వాళ్ల నాన్న మల్లేశన్న ఒప్పుకోలేదు. టమాట, బంతి పండిస్తాడు. మంచివాడే, కానీ మొండి. అక్క నన్ను వెంటబెట్టుకుని వాళ్ల చేనుకే వెళ్లింది.

"ఆడపిల్ల స్టేజీ ఎక్కి పాడుడేంది టీచరమ్మా? చూసినోళ్లు ఏమంటరు?"

అక్క వాదించలేదు. "అవతల బంతి కోస్తున్న నీ బిడ్డను ఒక్కసారి పిల్వన్నా" అంది. ఆయన పిలిచాడు. అటునుంచి శిరీష పలికింది.

"ఇన్నవా? గా గొంతు నీదే. నేను ఇచ్చింది గాదు. ఒక్కసారి వచ్చి కూసో. నచ్చకుంటే నువ్వే మాన్పియ్యి."

షో రోజు ఆయన వచ్చాడు. ముందు వరసలో, ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

పాట మొదలైంది. శిరీష స్టేజీ అంచుకు వచ్చి "బాపూ..." అని ఎత్తుకుంది.

మల్లేశన్న లేచి నిలబడ్డాడు. "ఆఁ! వస్తున్న బిడ్డా!"

ఏళ్ల తరబడి ఆ పిలుపుకు పలికిన మనిషి. నోరు ఊరుకోలేదు.

హాలంతా గొల్లున నవ్వింది. పాపం ఆయన సిగ్గుతో తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. శిరీష బిక్కచచ్చిపోయింది. నా చేయి డోలక్ మీద ఆగిపోయింది. ఇక ఈ పిల్ల పాట అయిపోయిందనుకున్నాను.

అక్క చేయి ఆగలేదు. అదే శ్రుతి పట్టుకుని కూర్చుని, స్టేజీ మీదనుంచే కేకేసింది.

"మల్లేశన్నా, పోకు! బిడ్డ మల్ల పిలుస్తది. మల్ల పలుకు!"

శిరీష మళ్లీ పిలిచింది. ఆయన తలుపు దగ్గర నిలబడి మళ్లీ పలికాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆయన మాన్పించలేదు. ప్రతి షోలోనూ ఆ పిలుపుకు జనంలోనుంచి ఎవరో ఒకరు పలకడం మా నాటకంలో ఆనవాయితీ అయింది.

నిన్న సాయంత్రం అక్క అంత్యక్రియలకు చేవెళ్ల వైకుంఠధామంలో రెండు బడుల పిల్లలూ ఉన్నారు. వచ్చే వారం షో. శిరీష నా చేయి పట్టుకుని, "నేను ఇగ పాడను టీచర్" అంది. నాకే ఏడుపు ఆగడం లేదు.

అప్పుడు మల్లేశన్న దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మను గట్లనే పంపుతవా బిడ్డా? ఒక్కసారి పిల్వు."

శిరీష చితి వైపు తిరిగింది. తర్వాత పిలిచింది. అక్క పట్టిచ్చిన ఆ శ్రుతిలోనే.

"టీచరమ్మా..."

అందరం అలవాటుగా చెవులు రిక్కించాం. చితి దగ్గర చప్పుడు లేదు.

వెనకనుంచి మల్లేశన్న గొంతు పలికింది.

"టీచరమ్మ ఇంటున్నది బిడ్డా. పాడు."

శిరీష పాడింది. చివరిదాకా.

అక్కా, ఈ రోజు కబడ్డీ పిల్లల్ని గోడ దిక్కు జరిపాను. గ్రౌండ్ నీ పిల్లలదే. నువ్వు ఇక నిమ్మళంగా పడుకో.