తలుపు గడియకు తువ్వాలు

మా కంపెనీకి ఆఫీసు లేదు. ఎక్కడా లేదు. ఈ సంగతి మా అత్తకు నచ్చజెప్పడానికి నాకు నెల పట్టింది.

"ఆఫీసే లేకపోతే కుర్చీలు యాడేసుకున్నారు మే?" అని అడిగింది. ఎవరి కుర్చీ వాళ్ళింట్లోనే ఉందన్నాను. మా టీమ్ లీడ్ పూణేలో, ఒకమ్మాయి గౌహతిలో, ఇద్దరు కోయంబత్తూరులో, నేను మైపాడు పక్కన ఈ పల్లెలో. అందరం కలిసి ఊరూరి హోటళ్ళకు గదుల బుకింగ్ చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ నడుపుతాం. "మరి ఒకళ్ళనొకళ్ళు చూసుకోరా?" అంది. చూసుకుంటాం, కాకపోతే భుజాల దాకానే అన్నాను. మూడేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నా మా లీడ్ పొడుగో పొట్టో నాకు ఈ రోజుకీ తెలియదు. భుజాల దాకానే అన్న మాట విని ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

మా అత్త నవ్వితే వీధి చివరికి వినపడేది. పాతికేళ్ళు నెల్లూరు వీధుల్లో చేపలమ్మిన గొంతు అది. తెల్లారగానే మైపాడులో సరుకు కొని, ఆటోలో టౌనుకు పోయి, తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేది. వీధి మొదట్లో "వంజరం, కానాగంతలు" అని ఒక్క కేక వేస్తే మేడ మీది ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని దిగేవాళ్ళట. మోకాళ్ళు నొప్పులని చేపలు మానేసింది గానీ గొంతు మాత్రం ఇంట్లో కూడా తగ్గించేది కాదు. పక్కింటి అక్కతో గోడ దగ్గర నిలబడి మాట్లాడినా, ఒడ్డు మీంచి పడవలోని మనిషిని పిలిచినట్టే ఉండేది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం, అందరూ ఉన్న మీటింగ్‌లో నేను మాట్లాడుతుండగా పెరట్లో ఆమె ఎవరితోనో నెత్తళ్ళ చేపల బేరం మొదలుపెట్టింది. మా లీడ్ చాలా మర్యాదగానే, ఎవరి వెనకాలో సంత జరుగుతున్నట్టుంది, కాస్త చూసుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. నా ముఖం మాడిపోయింది. మీటింగ్ అవగానే బయటికొచ్చి, "ఇల్లనుకున్నావా అత్తా, చేపల మార్కెట్టనుకున్నావా? నీ గొంతు పుణ్యమా అని నా ఉద్యోగం పోయేట్టుంది" అని అరిచాను. చేపలమ్మి నా మొగుణ్ణి చదివించిన మనిషితో అన్న మాట ఇది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని లోపలికి పోయింది. అప్పుడు నాకు సిగ్గేమీ అనిపించలేదు, నోరు మూయించానన్న తృప్తే కలిగింది.

తువ్వాలు ఉపాయం ఆమెదే. మర్నాడు పొద్దున్నే ఒక ఎర్ర తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీటింగున్నప్పుడు ఇది గడియకు తగిలియ్యి. గుడ్డ కనిపిస్తే మేం నోరెత్తం" అంది. నా గది తలుపు పెరట్లోకే తెరుచుకుంటుంది. ఆ తలుపుకు తువ్వాలు వేలాడితే చాలు, మా ఇంట్లో శబ్దం ఆగిపోయేది. కుక్కర్ పెట్టేది కాదు. గిన్నె మీద గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో పాత గుడ్డముక్క వేసేది. కోళ్ళను కూడా నోటితో అదిలించకుండా చీపురు ఊపి తోలేది. పక్కింటి అక్క గోడ దగ్గరికొచ్చి నోరు తెరవబోతే, "గమ్మునుండు, పాప మీటింగ్‌లో ఉండాది" అని పెదవుల మీద వేలు పెట్టేది. ఐసు ఆటో అబ్బాయి మా ఇల్లు దాటేదాకా హారన్ కొట్టేవాడు కాదు. ఒకసారి మా లీడ్, "మీ ఊళ్ళో మనుషులుండరా, ఇంత నిశ్శబ్దంగా ఉంటుంది?" అని అడిగాడు. సముద్రం పక్కన కదండీ, ప్రశాంతంగా ఉంటుంది అని గొప్పగా చెప్పుకున్నాను.

మీటింగ్ జరుగుతున్నంతసేపూ ఆమె నా కిటికీ కింద మెట్టు మీద కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ ఉండేది. నా ఇంగ్లీషు వినడం ఆమెకు సరదా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "ఈ పొద్దు ఆ పూణే ఆయన కోప్పడినాడా? నీ గొంతు సన్నంగా అయిపోయింది" అని సరిగ్గా పట్టేసేది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆఫీసు లేని ఉద్యోగంలో ఇంటికి వెళ్ళడమంటూ ఉండదు. బస్సు ఎక్కడం లేదు, దారిలో కిటికీలోంచి రొయ్యల గుంటలు చూస్తూ కూర్చోవడం లేదు. లాప్‌టాప్ మూసిన మరుక్షణం, "అమ్మాయ్, పప్పులోకి చింతకాయ వెయ్యనా, మామిడికాయ వెయ్యనా" అనే ప్రశ్న. నాకు విసుగొచ్చేది. అందుకని మీటింగ్ అయిపోయాక తువ్వాలు ఇంకో పది నిమిషాలు ఉంచడం మొదలుపెట్టాను. ఆ పది అరగంటైంది. కొన్నాళ్ళకు మీటింగ్ లేని రోజు కూడా తగిలించడం అలవాటైంది. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. ఆ తువ్వాలు వెనక నేను ఎవరికీ కోడల్ని కాను, ఎవరికీ ఉద్యోగిని కాను, హాయిగా ఉండేది.

ఆ రోజు మే నెల ఎండ. పదకొండింటికి మా లీడ్‌తో నాకొక్కదానికే మీటింగ్. తువ్వాలు తగిలించి, తలుపేసుకుని కూర్చున్నాక ఆయన నుంచి మెసేజ్ వచ్చింది, వాళ్ళ పాపకు జ్వరం, ఈ రోజు మీటింగ్ రద్దు అని. సంబరపడిపోయాను. తువ్వాలు తీయలేదు. ఫ్యాను కింద చాప వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరో ఒకావిడ తన వంటిల్లు సర్దుకునే వీడియోలు వరసగా చూస్తూ పడుకున్నాను. అరలు తుడవడం, డబ్బాల మీద పేర్లు రాసి అంటించడం. ఒకటయ్యాక ఇంకొకటి. పన్నెండు దాటాక దాహం వేసి లేచాను.

తలుపు తీసేసరికి మా అత్త బోరు పంపు దగ్గర గచ్చు మీద పక్కకు తిరిగి పడి ఉంది. ఒక కాలు ఉండకూడని తీరుగా వంకర తిరిగి ఉంది. బిందె గోడవారకు దొర్లిపోయింది. నీళ్ళు ఎప్పుడో ఆరిపోయి గచ్చు పొడిగా ఉంది. ఆ ఎండలో నేను అరికాలు మోపలేక చెప్పులు వెతుక్కున్నాను, ఆమె అదే గచ్చు మీద పడి ఉంది. గచ్చుకు ఆనిన చెయ్యి బొబ్బలెక్కింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

దగ్గర కూర్చుని తల ఒళ్ళో పెట్టుకున్నాను.

"అయిందా, పాపా?" అంది, చాలా మెల్లగా.

"అయింది" అన్నాను.

అంత అవస్థలో ఉన్న మనిషికి అబద్ధం చెప్పాను. అనుకుని చెప్పింది కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఎంతసేపైందని అడిగితే, నువ్వు తలుపేసుకున్న కాసేపటికే జారినానంది. అంటే గంటకు పైనే. తర్వాత ఒకరోజు కొలిచాను. ఆమె పడ్డ చోటు నుంచి నా కిటికీకి పదకొండు అడుగులు.

పక్కింటి అక్కను కేకేస్తే పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి ఆటోలో ఎక్కించాం. నెల్లూరు దాకా అక్క అదే మాట. "నేను ఇంట్లోనే ఉండా గదా పెద్దమ్మా. ఒక్క కేక ఏసుంటే దూకి వచ్చేదాన్ని గదా. ఎందుకు గమ్మునున్నావు?" మా అత్త కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టుకుంది. గుంటల్లో ఆటో ఎగిరినప్పుడు కూడా అబ్బా అని అనలేదు. మూడు వీధులకు వినపడే గొంతున్న మనిషి పక్కన కూర్చుని, ఆమె నోట్లోంచి ఒక్క మూలుగు వస్తే బాగుండునని ప్రార్థించాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఈ వయసులో మళ్ళీ లేచి నడుస్తుందో లేదో ఇప్పుడే మాట ఇవ్వలేమని డాక్టరు గారు చెప్పారు. ఇంతసేపు ఎండలో ఎందుకున్నారని అడిగితే, కోడలు పనిలో ఉంది, చూసుకోలేదని అక్కే జవాబు చెప్పింది. ఆయన నా వైపు ఒకసారి చూసి కాగితం మీద రాసుకున్నారు.

మా ఆయనకు ముత్తుకూరు వైపు పోర్టులో పని. డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఆస్పత్రి వరండాలో నేను ఏడుస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసి, "ఏం చేస్తావు, మీటింగ్‌లో ఉంటివి. ఉద్యోగం గదా. నీ తప్పేం లేదులే" అన్నాడు. కాదని చెప్పడానికి అదొక్కటే సమయం. చెప్పలేదు. అప్పటినుంచి మీటింగ్ అన్న మాట మా చుట్టాలందరి నోళ్ళల్లో పడింది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా నా ఉద్యోగాన్నే తిట్టారు, నన్ను జాలిగా చూశారు. అది ఇంకా భయంకరంగా ఉండేది.

నిజం తెలిసిన మనిషి ఒక్కడే, మీటింగ్ రద్దు చేసిన మా లీడ్. ఆయన పూణేలో ఉన్నాడు. మా ఆయన్ను ఎప్పటికీ కలవడు. మామూలు ఆఫీసయితే ఎవరో ఒకరు పరామర్శకు ఇంటికొచ్చేవాళ్ళు, మాటల్లో ఆ రోజు మీటింగ్ లేదు కదా అనేవాళ్ళు, నా గుట్టు రట్టయ్యేది. మా కంపెనీలో ఆ ప్రమాదమే లేదు. అబద్ధం దాచుకోవడానికి ఇంతకంటే వీలైన ఉద్యోగం ఉండదని ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఆలోచించాను. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

మా టీమ్ వాళ్ళు మంచివాళ్ళే. అత్తగారు జారిపడ్డారు, సెలవు కావాలని రాస్తే నిమిషంలో పదిహేను గుండె బొమ్మలు వచ్చాయి. ఎన్నాళ్ళయినా తీసుకోమన్నారు. గౌహతి అమ్మాయి వాయిస్ మెసేజ్‌లో ఏడ్చింది కూడా. అంత దయ ఫోన్‌లో ఉంది, ఇక్కడ బెడ్‌పాన్ పట్టుకోవడానికి నేను, మా ఆయన, అక్క. వాళ్ళనేమీ అనడానికి లేదు. మా అత్త మంచం పక్కన ఎవరైనా ఒకరు కుర్చీ లాక్కుని కూర్చుంటే బాగుండునని మాత్రం చాలాసార్లు అనిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ మొదటి రెండు వారాలు ఆమె కాలు కదపడానికే భయపడింది. కసరత్తు చేయించే అబ్బాయి వచ్చి, నొప్పెడితే అరువమ్మా, పర్లేదు అనేవాడు. ఆమె అరవదు. కింది పెదవి కొరుక్కునేది, కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. అలా చూస్తుంటే నాకు పిచ్చెక్కేది. ఒకరోజు ఇక ఉండబట్టలేక, "అరువత్తా, నాకోసమైనా ఒకసారి అరువు" అన్నాను. ఆ అబ్బాయి నన్ను వింతగా చూశాడు.

ఇంట్లో ఆ తువ్వాలును నేనే పొయ్యి కాడ మసిగుడ్డ చేసేశాను. మీటింగ్ ఉన్నప్పుడు తలుపు బార్లా తీసి పెట్టడం మొదలుపెట్టాను. పక్కింటి అక్క గట్టిగా మాట్లాడినా, కోళ్ళు అరిచినా, కుక్కర్ కూసినా పట్టించుకోలేదు. మా లీడ్ ఒకసారి వెనకాల శబ్దం వస్తోందన్నాడు. ఇల్లండీ, ఇలాగే ఉంటుందన్నాను. ఆయన సరేనన్నాడు. ఉద్యోగమేమీ పోలేదు. మూడేళ్ళ కిందట అనాల్సిన ఆ చిన్న మాట అప్పుడెందుకు అనలేకపోయానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఐదో వారంలో ఆమె వాకరు పట్టుకుని వసారా చివరిదాకా నడిచింది. పదడుగులే. మా ఆయన వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఆయన డ్యూటీకి వెళ్ళాక ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూర్చుని కాళ్ళకు నూనె రాస్తున్నాను. ఆమె నడిచింది, ఇక బతుకు మామూలైపోతుంది. ఈ రోజు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పనని నాకు తెలుసు.

"అత్తా, ఆ రోజు నాకు మీటింగ్ లేదు" అన్నాను. "రద్దయింది. ఊరికే తలుపేసుకుని ఫోన్ చూస్తా పడుకున్నా. నీకు అబద్ధం చెప్పినా."

తల ఎత్తి చూసే ధైర్యం లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను, వీధంతా వినపడేలా.

"తెలుసులే" అంది.

నా చేతులు ఆగిపోయాయి.

"మీటింగయితే నీ ఇంగ్లీషు వినపడుద్ది గదా. ఆ పొద్దు కిటికీ కాడనే పడుంటి. ఒక్క మాటన్నా వినపళ్ళా. ఓహో, ఈ పొద్దు లేనట్టుందిలే అనుకున్నా."

"తెలిసీ ఎందుకు పిలవలేదత్తా?" అని అడిగాను.

"చానాసార్లు అట్టే తలుపేసుకుంటావు గదా, మీటింగు లేకపోయినా. పిల్లకి మనం కనపడకుండా కాసేపుండాలని ఉంటాదేమోలే అనుకునేదాన్ని. ఆ పొద్దూ అంతే. పిలిస్తే విసుక్కుంటావని పిలవలా. ఇంకాసేపటికి నువ్వే వస్తావులే అని పడుకోనుండా."

ఆ మాట ఆమె కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. కోపం లేదు. నాకోసం చేసిపెట్టిన ఒక చిన్న పని గురించి చెప్పినట్టు చెప్పింది. చెప్పి, రెండో కాలు కూడా కొంచెం ముందుకు చాపి, దానికీ నూనె రాయమంది.