మైకు డబ్బా మీది అభిషేక తైలం

మా సంఘం శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో కూడేది. తొంభైల్లో, నేను మేడ్చల్‌లో ఇంటర్ చదివే ఏడు, ఎండలు ముదరక ముందే మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెట్టారు. ప్రసంగానికి నగరం నుంచి ఒక బోధకుడిని పిలిపించారు. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, బంగారు రంగు గడియారం, గొంతు నిండా అరుపులు. బైబిలు వాక్యం మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత. చిన్ననాటి నుంచి వాక్యం కంఠతా పట్టి పెరిగినదాన్ని నేను. ఎవరు చదివి వచ్చారో, ఎవరు కేకలు వేయడానికి వచ్చారో కాసేపట్లోనే తెలిసిపోయేది.

ఆయన ఘనతంతా నూనెలో ఉంది. పాటలయ్యాక రోగులు వరుస కట్టేవారు. ఆయన అభిషేక తైలం ఉన్న వెడల్పు మూతి సీసాలో వేళ్లు ముంచి నుదుట నొక్కి, "ఏం తెలుస్తోందమ్మా?" అని అడిగేవాడు.

"కాలుతాంది అయ్యా!"

"అది అగ్ని! నీ రోగం కాలిపోతోంది. చెప్పండి స్తోత్రం!"

షెడ్డు దద్దరిల్లేది.

మొదటి రోజు ఆ వరుసలో మా చెల్లె కూడా నిలబడింది. దానికి టీబీ. గోలీలు మొదలుపెట్టాక దగ్గు తగ్గి, ఒళ్లు కాస్త తేరుకుంటోంది. మధ్యలో ఆపితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. బోధకుడు దాని నుదురు నొక్కి, అమ్మ వైపు తిరిగి, "అగ్ని దిగిన ఒంటికి గోలీలెందుకమ్మా? అది అవిశ్వాసం కాదా?" అన్నాడు. ఇంటికి రాగానే అమ్మ గోలీల పొట్లాన్ని బియ్యం డబ్బా వెనక్కి నెట్టేసింది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు.

"నీ సదువు నీ తాన్నే పెట్టుకో. పోరికి నొసలు కాలింది. నా కండ్లతోని సూసిన."

దేవుని మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. నా అనుమానమంతా ఆ సీసా మీద. ముందున్న బల్ల చిన్నది, దాని మీద చోటు చాలక సీసాను పక్కనున్న మైకు ఆంప్లిఫయర్ డబ్బా మీద పెట్టేవారు. గంటల తరబడి పాటలు పాడాక ఆ ఇనుప డబ్బా చెయ్యి పెట్టనిచ్చేది కాదు. సంఘ పెద్దలకు ఈ సంగతి తెలియదా? టీ చల్లారకుండా గ్లాసులు దాని మీదే పెట్టుకునే పెద్దమనుషులు వాళ్లు! గ్లాసు వేడెక్కితే కరెంటు మహిమ, సీసా వేడెక్కితే పరలోకపు మహిమ.

వస్తువులో ఉండేది అంతర్గత శక్తి అని, వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకు దాటిపోయేటప్పుడే దాన్ని ఉష్ణం అనాలని మా ఫిజిక్స్ సారు చెప్పారు. దేవుడు సృష్టిలో పెట్టిన అంత చక్కని నియమాన్ని పక్కన పడేసి, మైకు డబ్బా వేడికి ఆయన పేరు తగిలించడం నా దృష్టిలో దైవదూషణే.

రెండో రోజు పాటలు పాడేవాళ్లలో కూర్చున్న నేను ఎవరూ చూడకుండా సీసా తీసి, మంచినీళ్ల కుండ కింది తడి ఇసుకలో గుచ్చాను. వరుస కట్టే వేళకు తీసి బోధకుడి చేతికిచ్చాను. ముందున్నది ఒక అవ్వ.

"ఏం తెలుస్తోందమ్మా?"

"ఏం లేదయ్యా. సల్లగున్నది."

ఆయన రెప్ప కూడా వేయలేదు. "అదీ! దేవుని శాంతి, సమాధానం దిగింది! చెప్పండి స్తోత్రం!"

షెడ్డు నిన్నటి లాగే దద్దరిల్లింది. తన అబద్ధం మీదైనా ఒక్క క్షణం నిలబడని మనిషి! నిన్న నూనె నుంచి నుదుటికి దాటిన ఉష్ణం ఇవాళ నుదుటి నుంచి నూనెకు దాటింది, అంతే. ఆ నియమం ఒక్కటే రెండు రోజులూ మాట తప్పలేదు. అవ్వ వెనక మా చెల్లె. అది కూడా "సల్లగనే ఉంది" అంది.

 ఇంటికి వచ్చాక అమ్మ బియ్యం డబ్బా జరిపి గోలీల పొట్లం తీసింది.

"నిన్న కాలింది, ఇయ్యాల సల్లగైంది. అంటే రోగం పూరా కాలకముందే అగ్గి ఆరిపోయినట్టు గదా! గోలీ ఏసుకో బిడ్డా. అగ్గి మల్లచ్చేదాక ఏసుకో."

ఉష్ణం సంగతి చెప్పబోయి నోరు మూసుకున్నాను. చెల్లె గోలీ మింగి నీళ్లు తాగింది.

మూడో రోజు కూడా సీసాను ఇసుకలోనే పెట్టాను.