కడప సభకు తీసుకెళ్ళిన బోరు తాడు

మాది డోన్ దగ్గర చిన్న ఊరు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. నేను పెళ్ళయి వచ్చిన ఏడాదే ఇక్కడి రైతులు ఒక మాట అనుకున్నారు. ఇక ఎవరూ కొత్త బోరు వేయకూడదు, ఉన్న బోర్లను పైపులతో కలిపి నీళ్ళు వంతులవారీగా పారించుకోవాలి. ఊళ్ళో మోటారు బిగించని పాత బోరు ఒకటుంది. ప్రతి ఉగాదికీ అందులోకి రాయి కట్టిన తాడు వదులుతాం. తడి మొదలైన చోట పాత చీర పీలిక ఒకటి కడతాం. పీలిక ఎంత కిందికి పోతే ఆ ఏడు నీటి పంట అంత తగ్గించాలి. ఆ కొలిచే పని, పుస్తకంలో రాసే పని నాది. ఈ సంగతి తెలుసుకొని కడపలోని ఒక కళాశాల మేడమ్ ఫోన్ చేశారు. నేల, నీరు ఎంతవరకు ఓర్చుకుంటాయో అంతలోనే మనిషి సంపాదన ఉండాలని చెప్పే ఆర్థికశాస్త్రం మీద అక్కడ సదస్సు పెడుతున్నారట. "నువ్వొచ్చి ఐదు నిమిషాలు చెప్పు తల్లీ" అన్నారు. నలుగురిలో నోరు తెరవని దాన్ని. అయినా సరేనన్నాను.

ఆమె చెప్పమన్నది ఒకటే మాట: మా ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఒక్క కొత్త బోరూ పడలేదని. అది నిజమే. కానీ మా ఆయన బోరు బండివాళ్ళకు ఆదివారం రమ్మని చెప్పాడు. మాకు నూట ఇరవై చీనీ చెట్లున్నాయి, కొందరు బత్తాయి అంటారు. ఐదేళ్ళు బిందెలతో పోసి పెంచితే ఈ ఏడే కాపుకొచ్చాయి. వంతు నీళ్ళు చాలక ఆకు ముడుచుకుంటోంది. ఆయన బాధ నాకు తెలుసు. ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నానని మాత్రం ఆయనతో అనలేదు. సభ శుక్రవారం.

పొద్దున ఐదింటికి తాడు చుట్ట పట్టుకొని నేనూ, తోడుగా మా ఆయనా డోన్‌లో నంద్యాల బస్సెక్కాం. రెండు గంటల దారి. నంద్యాలలో కడప బస్సు మారాలి. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టుకు డబ్బులు అక్కర్లేదు. మా ఆయనకు రెండు బస్సులకూ కలిపి మూడు వందల పైచిలుకు అయింది. ఆళ్ళగడ్డ దాటాక రోడ్డు పక్క చేలల్లో బోరు బండ్లు రెండు కనిపించాయి. తెల్లటి రాతిపొడి పైకి లేస్తోంది. మా ఆయన అటు చూశాడు, నేను ఆయన్ను చూశాను. పదకొండు లోపే కడపలో దిగి ఆటో అడిగాం. డ్రైవరు తెల్లగడ్డం పెద్దాయన. నా చేతిలోని తాడు చుట్ట చూసి, "ఏమ్మా, కాలేజీకి ఎద్దును కట్టేసేదానికి పోతాండారా?" అన్నాడు.

"బోరు తాడన్నా" అన్నాను.

"మా ఇంటికాడ బోరు పోయిన యేడే ఎండిపాయ. ఇప్పుడు బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసరం నిలబడతాండాం." అరవై అడిగినవాడు యాభై తీసుకొని, "బాగా చెప్పు పో" అన్నాడు.

హాలు నిండిపోయింది. పెద్ద పెద్ద చదువులవాళ్ళు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మాట్లాడారు. నాకు సగం అర్థమైంది. ఒక పెద్దాయన, "పెరుగుదలను కొలవడానికి మన దగ్గర చాలా లెక్కలున్నాయి, తరుగుదలకే సరైన లెక్క లేదు" అన్నప్పుడు నా తాడును ఒళ్ళోకి లాక్కున్నాను. మధ్యాహ్నం సంగటి, పప్పు, శనగపచ్చడి పెట్టారు. వంట చేసే ఆవిడ తలుపు దగ్గర బక్కెట్టు పెట్టుకొని కూర్చుంది. "తాగి మిగిల్చిన నీళ్ళు ఇందులో పోయండి సార్. పొద్దున్నుంచి నీళ్ళ గురించే చెప్తాండారు గదా" అంటోంది. కొందరు నవ్వారు. అందరూ పోశారు.

రెండింటికి నన్ను పిలిచారు. మా ఆయన లోపల కూర్చోవడానికి మొహమాటపడి తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను బోరు నోటి దగ్గరుండే తాడు కొస పట్టుకొని, రెండోది ముందు వరుసలోని కాలేజీ పిల్లలకిచ్చాను. చేతులు మారుతూ అది కుర్చీల మధ్యగా సాగింది. మొదటి ఏడు పీలిక హాలు మధ్యలో ఆగింది. వానలు బాగా పడిన ఏడుది కాస్త ఇవతలికి వచ్చింది. మిగతావన్నీ తలుపు వైపే. కొస తలుపు దగ్గరికి చేరేసరికి పట్టుకునేవాళ్ళు ఎవరూ లేక మా ఆయన అందుకున్నాడు. తాడు ఇంకా ఉంది. ఆయన వరండా దాటి మెట్లు దిగాడు. తాడు బిగుసుకుంది. ఈ ఏటి పీలిక బయటెక్కడో ఉంది, హాల్లోవాళ్ళకు కనపడదు.

మేడమ్ రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. తాడు అవతలి కొసన ఆయన చెయ్యి కదిలితే ఇక్కడ నా వేళ్ళకు తెలుస్తోంది. ఆ కాగితం చదవలేకపోయాను. "ఇన్నేళ్ళుగా మా ఊళ్ళో ఎవరూ కొత్త బోరు వేయలేదు. ఆదివారం మా ఇంటివాళ్ళమే వేయబోతున్నాం. మా చీనీ చెట్లు ఎండుతున్నాయి" అన్నాను. వరండాలో కూడా మైకు పెట్టారు. ఆయనకు వినబడుతుందని నాకు తెలుసు.

పొద్దున మాట్లాడిన పెద్దాయన మెల్లగా, "మరి ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

నేను తలుపు వైపు చూశాను.

అప్పుడు తాడు వదులైంది. మా ఆయన మోచేతికీ అరచేతికీ మధ్య దాన్ని చుట్టుకుంటూ లోపలికి వచ్చాడు. పీలిక వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఆపి, దాన్ని సర్ది, మళ్ళీ చుట్టాడు. అందరూ చూస్తుండగా వేదిక దాకా వచ్చి చుట్ట నా చేతిలో పెట్టి, "పోదాం పా మే" అన్నాడు.

నాలుగున్నర బస్సెక్కి మైదుకూరు దాకా వచ్చాం. అక్కడ బస్సు ఆగితే మా ఆయన టీ తెచ్చిచ్చాడు.

"నా ఫోను మాటలు ఇనింటివని నాకు ముందే చెప్పొచ్చు గదా మే. అంతమందిలో చెప్పల్లనా?"

"బయపడితి."

"నాకు బయపడినావు, ఆ హాలుకు బయపడలేదే!" అని ఒక క్షణం నవ్వి, మళ్ళీ ముఖం ముడుచుకున్నాడు. చాలా దూరం పోయాక, "మన వంతు నీళ్ళు ఎన్ని చెట్లకు వస్తాయి?" అన్నాడు.

"సగానికి."

ఆళ్ళగడ్డలో ఫోన్ తీశాడు. "ఏమప్పా, ఆదివారం బండి పంపొద్దులే. లేదు, ఇంకోరోజు గాదు. వద్దులే." ఫోన్ జేబులో పెట్టుకొని కిటికీ వైపు తిరిగాడు. నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు. బస్సులో అందరూ ఉన్నారు.

ఇప్పుడు తూర్పు వైపు అరవై చెట్లకు నీళ్ళు పెడుతున్నాం. పడమటి వరుసలు ఎండిపోయాయి. ఎండిన చెట్లు కొట్టేసిన రోజు ఆయన అన్నం తినలేదు, నేను పెట్టుకోలేదు. కడపలో విన్న పెద్ద మాటల్లో చాలా మరిచిపోయాను. కానీ హద్దుకు లోబడి బతకడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే పడమటి చేను చూపిస్తాను. అది మంచిదే కావచ్చు, సులభం మాత్రం కాదు. వచ్చే ఉగాదికి పీలిక ఎక్కడ కట్టాల్సి వస్తుందో నాకు తెలియదు.

ఇలాంటి సభకు వెళ్ళే ఆడవాళ్ళకు ఒక్క మాట. నంద్యాలలో కడప బస్సు ఎక్కితే ఇద్దరు కూర్చునే సీటు చూసుకోండి, మూడు గంటలు పడుతుంది. సభలో చెప్పబోయేది పక్కన కూర్చున్న మనిషికి ఆ మూడు గంటల్లోనే చెప్పేయండి. నేను మైకులో చెప్పాను. పోయేటప్పుడే చెప్పి ఉండాల్సింది.